పాంటియాక్ జీటీవో: ఒక అమెరికన్ మజిల్ కారు ఉత్థాన పతనాలు (1964–1974)

వ్యాససంగ్రహం

జనరల్ మోటార్స్ సంస్థలోని పాంటియాక్ విభాగం 1964 నమూనాగా విడుదల చేసిన జీటీవో, అమెరికా మోటారు వాహన చరిత్రలో మజిల్ కారు అనే తరగతికి ఒరవడి పెట్టింది. మూడో ఏటికే దాని వార్షిక ఉత్పత్తి లక్షకు చేరువైంది. పదో ఏటికి అయిదు వేల లోపుకు పడిపోయింది. పదకొండో ఏటితో ఆగిపోయింది. 1973 నాటి చమురు సంక్షోభమే ఈ పతనానికి కారణమన్న అభిప్రాయం విస్తృతంగా ప్రచారంలో ఉంది. ఉత్పత్తి సంఖ్యలను ఆనాటి శాసనాలతో, బీమా విధానాలతో, సంస్థాగత నిర్ణయాలతో కాలక్రమంలో జతపరిచి చూస్తే ఈ అభిప్రాయం నిలవదని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: మజిల్ కారు, పాంటియాక్, జీటీవో, జనరల్ మోటార్స్, అశ్వశక్తి, బీమా, ఉద్గార నియంత్రణ, చమురు సంక్షోభం.

ప్రవేశిక

మధ్యస్థాయి కుటుంబ కారులో, పెద్ద కారుకు ఉద్దేశించిన వి-8 ఇంజిన్‌ను అమర్చి, యువకులు కొనగలిగే ధరకు అమ్మితే దాన్ని మజిల్ కారు అంటున్నాం. ఈ మాట స్థిరపడింది తరవాతి కాలంలో. 1960లలోని మోటారు పత్రికలు ఎక్కువగా ‘సూపర్ కారు’ అన్నాయి. జీటీవోకు ముందు శక్తిమంతమైన అమెరికన్ కార్లు లేవని కాదు. 1949 నాటి ఓల్డ్స్‌మొబైల్ రాకెట్ 88, 1955 నాటి క్రైస్లర్ 300 ఈ వంశవృక్షంలో ముందువరుసలో ఉంటాయి. అయితే క్రైస్లర్ 300 సంపన్నుల కారు. వేగాన్ని సామాన్య వేతన జీవి కొడుకుకు వాయిదాల మీద అమ్మవచ్చునని భారీ స్థాయిలో చూపింది జీటీవో. దానికి ఒరవడి హోదా దక్కింది అందుకే.

ఉత్పత్తి సంఖ్యల విషయంలో ఒక పద్ధతిని ముందే చెప్పుకోవాలి. అమెరికన్ కార్ల లెక్కలు పంచాంగ సంవత్సరం ప్రకారం కాక నమూనా సంవత్సరం ప్రకారం ఉంటాయి. 1973 నమూనా అంటే 1972 శరదృతువులో మొదలై 1973 వేసవి చివరికి ముగిసిన ఉత్పత్తి. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే జీటీవో పతన కారణాల చర్చ పక్కదారి పట్టిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నిబంధనలో దొరికిన సందు

పాంటియాక్ అనే పేరు పద్దెనిమిదో శతాబ్దంలో బ్రిటిష్ వారిని ఎదిరించిన ఒడావా జాతి నాయకుడిది. ఆయన పేరు మిషిగన్ రాష్ట్రంలోని ఒక పట్టణానికి, ఆ పట్టణం పేరు 1926లో ఒక కారుకు వచ్చాయి. 1950ల మధ్య నాటికి పాంటియాక్ అంటే వయసు మళ్లినవారు నడిపే నమ్మకమైన, చప్పనైన కారు. 1956లో విభాగాధిపతిగా వచ్చిన బంకీ నుడ్సెన్ ఈ ముద్రను చెరిపేయడానికి పందేల మార్గాన్ని ఎంచుకున్నాడు. 1959లో చక్రాల మధ్య అడ్డదూరం పెంచి ‘వైడ్ ట్రాక్’ పేరుతో ప్రచారం చేశాడు. స్టాక్ కార్ల పందేల్లో, డ్రాగ్ పందేల్లో పాంటియాక్ గెలిచింది, అమ్మకాలూ పెరిగాయి. 1960లలో ఎక్కువ కాలం ఆ విభాగం దేశంలో మూడో స్థానంలో నిలిచింది.

1963 జనవరిలో జనరల్ మోటార్స్ యాజమాన్యం తన విభాగాలన్నిటినీ పందేల నుంచి తప్పుకోమని ఆదేశించింది. అప్పటికి దేశ మార్కెట్లో సగం వాటా ఆ సంస్థదే. గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద ప్రభుత్వం సంస్థను ముక్కలు చేస్తుందేమోనన్న భయం యాజమాన్యంలో ఉండేది. పందేల గెలుపులను ఆధారం చేసుకుని ప్రకటనలిచ్చే పాంటియాక్‌కు ఈ ఆదేశం పెద్ద దెబ్బ. అప్పుడు విభాగాధిపతి ఎలియట్ ‘పీట్’ ఎస్టెస్, ప్రధాన ఇంజినీరు జాన్ డెలోరియన్.

డెలోరియన్ బృందంలోని బిల్ కాలిన్స్, రస్ గీ అనే ఇంజినీర్లు గమనించిన సంగతి సాంకేతికంగా చాలా మామూలుది. పాంటియాక్ వి-8 ఇంజిన్లు వేర్వేరు పరిమాణాల్లో ఉన్నా వాటి బయటి కొలతలు, బిగింపు స్థానాలు ఒకటే. అంటే మధ్యస్థాయి టెంపెస్ట్ కారులో ఉన్న 326 ఘనపు అంగుళాల ఇంజిన్ తీసి, పెద్ద కార్లలో వాడే 389 ఘనపు అంగుళాల (సుమారు 6.4 లీటర్ల) ఇంజిన్‌ను అదే చోట బిగించవచ్చు. అడ్డంకి ఇంజినీరింగులో లేదు, కాగితం మీద ఉంది. మధ్యస్థాయి కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టరాదన్నది సంస్థ విధానం.

అయితే ఆ పరిశీలన కొత్త నమూనాలకే. ఉన్న నమూనాకు అదనంగా అమ్మే ‘ఆప్షన్’కు పైస్థాయి సంఘం అనుమతి అక్కరలేదు. అందుచేత జీటీవో ఒక కారుగా పుట్టలేదు. టెంపెస్ట్ లెమాన్స్ కొన్నవారు సుమారు 296 డాలర్లు అదనంగా చెల్లిస్తే దొరికే సరంజామాగా పుట్టింది. అందులో పెద్ద ఇంజిన్, గట్టి స్ప్రింగులు, జంట పొగగొట్టాలు, గుర్తింపు చిహ్నాలు ఉన్నాయి. ఎస్టెస్ దీనికి ఒప్పుకున్నాడు. అమ్మకాల అధికారి ఫ్రాంక్ బ్రిడ్జ్‌కు నమ్మకం కలగక 5,000 కార్లకు మించి వద్దన్నాడు. తొలి ఏడాది అమ్ముడైనవి 32,450. పైస్థాయి వారు సంగతి గ్రహించేసరికి ఆపడం లాభసాటి కాకుండా పోయింది.

పేరు, పత్రిక, పాట

‘గ్రాన్ టూరిస్మో ఒమొలొగాటో’ అనే ఇటాలియన్ పదబంధానికి జీటీవో సంక్షిప్తరూపం. పందేల సంఘం నిబంధనల మేరకు ధ్రువీకరణ పొందిన దూరప్రయాణపు కారు అని దాని అర్థం. 1962లో ఫెరారీ తన 250 జీటీవోకు ఈ పేరు పెట్టింది. ఆ కార్లు తయారైనవి నలభైలోపే. పందేల నుంచి నిషేధానికి గురైన ఒక విభాగం, ఏ పందెపు ధ్రువీకరణా లేని కారుకు, డెలోరియన్ సూచన మేరకు ఈ పేరు పెట్టుకుంది. ఐరోపా మోటారు అభిమానులకు ఇది అపచారంగా తోచింది. అమెరికన్ యువకుల్లో చాలామందికి ఆ మూడక్షరాల మూలం తెలియనే తెలియదు.

1964 మార్చి సంచికలో ‘కార్ అండ్ డ్రైవర్’ పత్రిక ముఖచిత్రంపై రెండు జీటీవోలను పక్కపక్కన చిత్రించి, లోపల పోలిక వ్యాసం ప్రచురించింది. రెండు కార్లూ ఒకే దారి మీద పోటీపడింది లేదు. అయినా పాంటియాక్ గంటకు 60 మైళ్ల వేగాన్ని 4.6 సెకండ్లలో అందుకుందన్న ఆ వ్యాసం అంకె దేశమంతా పాకింది. పాంటియాక్ ప్రకటనల సంస్థలో పనిచేసిన జిమ్ వాంగర్స్ దశాబ్దాల తరవాత, పరీక్షకు పంపిన కారులో ఉన్నది 389 కాదు, 421 ఘనపు అంగుళాల ఇంజిన్ అని బయటపెట్టాడు. అంటే జీటీవో కీర్తికి పునాది అనదగిన పత్రం, అమ్మకానికి దొరకని కారును గురించినది. పరిశోధకుడికి ఇక్కడ తీసుకోదగిన జాగ్రత్త ఒకటుంది. ఆ అంకెను కారు సామర్థ్యానికి ఆధారంగా వాడకూడదు, ప్రచార చరిత్రకు ఆధారంగా మాత్రం నిరభ్యంతరంగా వాడవచ్చు.

అదే ఏడాది రానీ అండ్ ది డేటోనాస్ అనే బృందం ఈ కారు పేరు మీదే పాడిన పాట బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగో స్థానానికి చేరింది. సంస్థ డబ్బు చెల్లించకుండానే రేడియోలో ప్రకటన దక్కింది. ఇక డెట్రాయిట్ ఉత్తర శివార్లలోని వుడ్‌వర్డ్ అవెన్యూలో రాత్రిళ్లు జరిగే అనధికార పందేల్లో జీటీవో కనబడనిచోటు లేదు. ఆ దారికి దగ్గరలోని రాయల్ పాంటియాక్ అనే విక్రయశాల, కొన్న కారుకు మరింత పదును పెట్టి ఇచ్చేది. అధికారికంగా పందేలు మానేసిన సంస్థ, వీధి పందేల వ్యామోహం మీద లాభం గడించింది. నైతికంగా ఇది నిర్దోషమైన వ్యవహారం కాదు.

ఎదుగుదల

యుద్ధానంతర సంతాన విస్ఫోటంలో 1946లో పుట్టిన పిల్లలకు 1964లో పద్దెనిమిదేళ్లు నిండాయి. వేతనాలు పెరుగుతున్నాయి, వాయిదాల అప్పు సులభంగా దొరుకుతోంది, పెట్రోలు గ్యాలను 40 సెంట్ల లోపే. మూడువేల డాలర్ల లోపు ధరకు 325 అశ్వశక్తి, మూడు కార్బురేటర్ల ‘ట్రై-పవర్’ తీసుకుంటే 348 అశ్వశక్తి వచ్చే కారుకు ఇంతకన్న అనువైన కాలం మరొకటి లేదు. 1965లో ఉత్పత్తి 75,342కు చేరింది. 1966లో జీటీవో ఆప్షన్ హోదా వదిలి ప్రత్యేక నమూనా అయింది. ఆ ఏడాది తయారైన 96,946 కార్లు దాని శిఖరం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కర్మాగారంలోనూ వీటిని కూర్చారు. నేడు తెలుగువారు గణనీయంగా నివసించే ఆ నగరంలో అదే ఆవరణ, జనరల్ మోటార్స్–టొయోటా ఉమ్మడి సంస్థ చేతుల మీదుగా, విద్యుత్ కార్ల టెస్లాకు చేరడం చరిత్రలోని ఒక విచిత్రం.

శక్తికి తగ్గ నిలుపుదల మాత్రం లేదు. 1964 జీటీవోకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు 1967లో గానీ రాలేదు, అవి కూడా అదనపు సొమ్ము చెల్లించినవారికే. 1965లో రాల్ఫ్ నాడర్ గ్రంథం ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ వెలువడింది. దాని ప్రధాన లక్ష్యాల్లో ఒకటి జనరల్ మోటార్స్ వారి కొర్వేర్. 1966లో వాహన భద్రతా చట్టం వచ్చింది. ఆ ఏటి నుంచి 1973 దాకా అమెరికా రహదారి మరణాలు ఏటా 50 వేలకు పైబడే ఉన్నాయి. మజిల్ కారు మీద వ్యామోహంతో రాసే రచనల్లో ఈ అంకె సాధారణంగా కనిపించదు. మరణాలన్నిటినీ ఈ కార్లకే అంటగట్టడం అన్యాయం. కాని శాసనకర్తల, బీమా సంస్థల దృష్టి వీటి మీద పడటం వెనుక ఈ నేపథ్యం ఉంది.

1967లో సంస్థ ఆదేశంతో ట్రై-పవర్ పోయింది, ఇంజిన్ 400 ఘనపు అంగుళాలకు పెరిగింది, ఉత్పత్తి 81,722కు తగ్గింది. 1968లో కొత్త రూపంతో, దెబ్బ తగిలితే మళ్లీ పూర్వాకారం పొందే ‘ఎండ్యూరా’ ముందుభాగంతో, ‘మోటార్ ట్రెండ్’ పత్రిక వార్షిక పురస్కారం పొంది 87,684కు కోలుకుంది. ఆ తరవాత మరి కోలుకోలేదు.

పతనం: కాలక్రమ పరిశీలన

1969లో 72,287. 1970లో 40,149. 1971లో 10,532. 1972లో 5,807. 1973లో 4,806. అరబ్బు దేశాల చమురు ఆంక్షలు మొదలైంది 1973 అక్టోబరులో. అప్పటికి 1973 నమూనా ఉత్పత్తి ముగిసిపోయింది. శిఖరం నుంచి ఆరేళ్లలో, ఆంక్షలకు ఏడాది ముందే, 94 శాతం ఉత్పత్తి తుడిచిపెట్టుకుపోయింది. చమురు సంక్షోభం ఈ పతనానికి కారణం కాజాలదనడానికి ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు. పైగా సంక్షోభం నడుమ సాగిన 1974 నమూనాలో ఉత్పత్తి 7,058కి పెరిగింది.

మరి అసలు కారణాలేమిటి? మొదటిది పోటీ, అదీ సొంత ఇంటి నుంచి మొదలైనది. ఓల్డ్స్‌మొబైల్ 442, బ్యూయిక్ గ్రాన్ స్పోర్ట్, షెవ్రొలే షెవెల్ ఎస్‌ఎస్ వరసగా వచ్చాయి. 1968లో ప్లిమత్ సంస్థ, సోకులన్నీ తీసేసిన చౌక కారుకు కార్టూన్ పక్షి పేరు పెట్టి ‘రోడ్ రన్నర్’గా విడుదల చేసింది. మరుసటి ఏడాది అది 80 వేలకు పైగా అమ్ముడై జీటీవోను దాటింది. జీటీవో క్రమంగా ఖరీదెక్కి, తాను కనిపెట్టిన చవక వేగమనే సూత్రాన్ని పోటీదారుకు వదిలిపెట్టింది. 1969లో దానికి జవాబుగా తలపెట్టిన ‘ది జడ్జ్’ రూపం చౌకగా మొదలై, చివరికి మామూలు జీటీవో కన్న 300 డాలర్ల పైచిలుకు ఎక్కువ ధరకు తేలింది. ఆ ఏడాది తయారైనవి 6,833 మాత్రమే. అభిమానుల స్మృతిలో జడ్జ్‌కు ఉన్న స్థానానికీ ఈ సంఖ్యకూ పొంతన లేదు.

రెండోది బీమా. నా దృష్టిలో అన్నిటికన్న బలమైన కారణం ఇదే. 1960ల చివర బీమా సంస్థలు బరువుకు మించిన అశ్వశక్తి ఉన్న కార్లను గుర్తించి అదనపు రుసుము విధించసాగాయి. పాతికేళ్ల లోపు అవివాహిత యువకుడి మీద ఆ భారం మరీ ఎక్కువ. కారును వాయిదాల మీద కొన్నవారికి అప్పిచ్చిన సంస్థ బీమా లేకుండా తాళం చెవి ఇవ్వనివ్వదు. కారు ధర అందుబాటులో ఉండీ, దాన్ని ఉంచుకునే ఖర్చు అందకుండా పోయింది. శాసనం ఏదీ మజిల్ కారును నిషేధించలేదు. కొనుగోలుదారుకూ కారుకూ మధ్య బీమా గణకుల పట్టిక అడ్డం వచ్చింది. కర్మాగార చరిత్రలోనూ రాజకీయ చరిత్రలోనూ ఇమడని ఈ కారణానికి, రెంటి మధ్యా పడి, తగిన ప్రాధాన్యం దక్కలేదు.

మూడోది ఉద్గార నియంత్రణ. 1970 డిసెంబరు 31న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో స్వచ్ఛ వాయు చట్టం అమలులోకి వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్‌లను 1975 నమూనా నాటికి 90 శాతం తగ్గించాలని అది నిర్దేశించింది. అంతకుముందే జనరల్ మోటార్స్ అధ్యక్షుడు ఎడ్ కోల్, 1971 నమూనా నుంచి సంస్థ ఇంజిన్లన్నీ తక్కువ సీసం గల సాధారణ పెట్రోలుతో నడవాలని నిర్ణయించాడు. ఉద్గారాలను శుద్ధిచేసే ఉత్ప్రేరక సాధనానికి సీసం విషం. సీసం తగ్గితే ఇంజిన్ తట్టుకోగల ఒత్తిడి తగ్గుతుంది. జీటీవో ఇంజిన్ సంపీడన నిష్పత్తి 10 పైచిలుకు నుంచి 8.2కు దిగింది, శక్తి 350 నుంచి 300కు తగ్గింది. అయితే అమ్మకాలు 44 శాతం పడిపోయిన 1970 నమూనాలో శక్తి ఏమాత్రం తగ్గలేదు. పైగా 455 ఘనపు అంగుళాల ఇంజిన్ కూడా ఆ ఏడే దొరికింది. కనుక ఉద్గార నియమాలు పతనాన్ని ప్రారంభించాయనలేము, వేగిరపరిచాయనవచ్చు. 1971 అంకె విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 1970 సెప్టెంబరులో మొదలై సుమారు రెండు నెలలు సాగిన కార్మికుల సమ్మె వల్ల సంస్థ ఉత్పత్తి అంతా దెబ్బతింది. ఆ ఏటి తగ్గుదలను పూర్తిగా గిరాకీకే ఆపాదించకూడదు.

1971లో మాంటీ హెల్‌మన్ దర్శకత్వంలో వచ్చిన ‘టూ-లేన్ బ్లాక్‌టాప్’ చిత్రంలో ఇద్దరు యువకులు సొంతంగా పదునుపెట్టుకున్న 1955 షెవ్రొలేను నడుపుతారు. వారితో పందెం కాసే నడివయసు మనిషికి ‘జీటీవో’ అన్నదే పేరు, అతని కారు 1970 జీటీవో. యువకుల కారుగా మొదలైనది ఏడేళ్లలో, యౌవనాన్ని కొనుక్కోవాలనుకునే నడివయసు మనిషి గుర్తుగా తెరకెక్కింది.

అశ్వశక్తి అంకెలు ఆధారాలుగా

ఈ కార్ల చరిత్ర రాసేవారిని తప్పుదారి పట్టించే అంశం ప్రకటిత అశ్వశక్తి. 1971 వరకు ప్రకటనల్లో వాడింది స్థూల అశ్వశక్తి. అంటే ఇంజిన్‌ను కారు నుంచి విడిగా బల్ల మీద ఉంచి, శక్తిని తినే అనుబంధ యంత్రాలు, పూర్తి పొగగొట్టాలు లేకుండా కొలిచినది. 1972 నుంచి వచ్చింది నికర అశ్వశక్తి, కారులో ఉన్నట్టే అన్నిటినీ తగిలించి కొలిచినది. 400 ఘనపు అంగుళాల ఇంజిన్ 1971లో 300, 1972లో 250గా ప్రకటితమైంది. ఇందులో అత్యధిక భాగం కొలత మారడం వల్ల వచ్చిన తేడా, ఇంజిన్ బలహీనపడటం వల్ల వచ్చినది కాదు. దీనికి తోడు బీమా రుసుములు అంకెను బట్టి ఉండటంతో, అంతకు ముందరి ఏళ్లలో కొన్ని ఇంజిన్ల శక్తిని కావాలనే తగ్గించి ప్రకటించేవారు. 1970 వరకు ఉన్నదాన్ని తగ్గించి చెప్పడం, 1972 నుంచి నిజాయితీగా చెప్పడం అనే రెండు పద్ధతుల అంకెలను ఒకే గీత మీద పెట్టి పతన రేఖ గీయడం శాస్త్రీయం కాదు.

ఆగిపోయిన తరవాత

1972లో జీటీవో ప్రత్యేక నమూనా హోదా కోల్పోయి లెమాన్స్ కారుకు మళ్లీ ఆప్షన్‌గా మారింది. 1974లో చిన్నదైన వెంచురా కారుకు 350 ఘనపు అంగుళాల ఇంజిన్‌తో, 200 నికర అశ్వశక్తితో చివరిసారి వచ్చింది. పదకొండేళ్లలో తయారైనవి మొత్తం 5 లక్షల 14 వేల పైచిలుకు. డెలోరియన్ అప్పటికే, 1973లో, సంస్థను వదిలి వెళ్లాడు.

పాంటియాక్ వారిదే మరో కారు ఫైర్‌బర్డ్ ట్రాన్స్ ఆమ్ కథను పక్కన పెడితే చమురు వాదన మరింత బలహీనపడుతుంది. ఆంక్షల తరవాత, 55 మైళ్ల వేగ పరిమితి అమలులో ఉండగానే, 1977 నాటి ‘స్మోకీ అండ్ ది బ్యాండిట్’ చిత్రం ఇచ్చిన ఊపుతో, 1979 నమూనాలో ఆ కారు 1,17,000కు పైగా తయారైంది. జీటీవో శిఖర సంఖ్య కన్న ఇది ఎక్కువ. శక్తి మాత్రం పాత జీటీవోలో సగం దగ్గర ఉండేది. పెద్ద వి-8 కారు మీద మక్కువ చమురు క్యూలలో చావలేదు. మధ్యస్థాయి కుటుంబ కారును యువకుడి పందెపు కారుగా మార్చి అమ్మే పద్ధతి మాత్రం చమురు క్యూలకు ముందే చెల్లిపోయింది. 2004లో ఆస్ట్రేలియా హోల్డెన్ మొనారోకు ఈ పేరు తగిలించి అమ్మినా మూడేళ్లకు మించి సాగలేదు. 2009లో దివాలా ప్రక్రియలో భాగంగా పాంటియాక్ విభాగం మూసివేతకు నిర్ణయం జరిగింది, 2010లో చివరి కారు తయారైంది.

పుట్టుక నాటి సందు పరిశోధకుణ్ణి, కొనుగోలుదారును నేటికీ వెంటాడుతోంది. 1966 నుంచి 1971 దాకా ప్రత్యేక నమూనా కావడంతో కారు గుర్తింపు సంఖ్య 242 అంకెలతో మొదలై అది జీటీవో అని చెబుతుంది. 1964, 1965 కార్ల మీద అటువంటి ఆనవాలేదీ ఉండదు. సంఖ్యను బట్టి చూస్తే అది లెమాన్స్ మాత్రమే. మామూలు లెమాన్స్‌కు చిహ్నాలు అంటించి, ఇంజిన్ మార్చి జీటీవోగా చెలామణీ చేయడం అందువల్లే తేలికైంది. అసలును తేల్చడానికి ఇవాళ మిగిలిన నమ్మకమైన ఆధారం, పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ దగ్గర భద్రపరచిన కర్మాగార బిల్లుల నకళ్లు. 1964లో ఆ బిల్లు మీద ఎవరో గుమాస్తా నమోదు చేసిన సుమారు 296 డాలర్ల పద్దు కనబడితే అది జీటీవో, కనబడకపోతే కాదు.